ఫెర్డినాండ్ రాడ్కీ ఎటు పోయాడు

ఆర్డిస్ రాడ్కీ తన బతుకులో సగం చీజ్ ఫ్యాక్టరీలోనే గడిపింది. రబ్బరు బూట్లు తొడుక్కుని, తలకి వల టోపీ పెట్టుకుని, పెద్ద పెద్ద స్టీలు తొట్ల పక్కన నిలబడి, పాలు విరిగి గట్టిపడేదాకా కాపలా కాయడం ఆమె ఉద్యోగం. తొందరపడితే సరుకు పాడవుతుంది, ఆలస్యం చేసినా పాడవుతుంది. అందుకని ఊళ్ళో వాళ్ళంతా ఆర్డిస్‌కి ఓపిక ఎక్కువ అంటారు. ఉత్తమాట. ఆమెకున్నది ఓపిక కాదు, మొండితనం. దూరం నుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అంతే.

మధ్యలో ఒక పెళ్ళి కూడా అయింది. ఆ ముచ్చట ఒక చలికాలం, ఒక వేసవికాలం నడిచింది. తరవాత పుట్టింటి పేరు మళ్ళీ తెచ్చుకుని, ఒక పిల్లినీ తెచ్చుకుని, శుక్రవారాలు బార్‌లో చేపల వేపుడు తిని పేకాడుతూ హాయిగా ఉంది. రిటైరైన రోజున ఫ్యాక్టరీ వాళ్ళు గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి, ఇక ఏం చేస్తావమ్మా అని అడిగారు. మా ముత్తాతని వెతుకుతాను అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ ముత్తాత పేరు ఫెర్డినాండ్ రాడ్కీ. జర్మనీలోని పొమెరేనియా నుంచి ఓడెక్కి అమెరికాలో ఈ విస్కాన్సిన్ వచ్చి, ఈ ఫ్రీడెన్‌టాల్‌లోనే రాళ్ళు ఏరి పొలం చేసుకుని, విల్‌హెల్మీన్‌ని పెళ్ళాడి, నలుగురు పిల్లల్ని కని, అయిదోది కడుపులో ఉండగా ఒక నవంబరులో కలప కొట్టే పనికి ఉత్తరాన అడవుల్లోకి వెళ్ళాడు. అప్పట్లో మగవాళ్ళంతా చలికాలం అలాగే వెళ్ళేవాళ్ళు. వసంతంలో అందరూ తిరిగొచ్చారు. ఫెర్డినాండ్ రాలేదు. అడవిలో వంటమనిషి ఒకతి ఉండేదనీ, ఆవిడతో లేచిపోయాడనీ ఊరు తేల్చేసింది. ఆవిణ్ణి చూసినవాడు లేడు, పేరు తెలిసినవాడూ లేడు. అయినా ఆవిడ జుట్టు ఎర్రగా ఉండేదని మాత్రం అందరికీ తెలుసు.

ఇదంతా ఎప్పటి మాటో. ఆర్డిస్ ఒక్కతే అయితే నవ్వి ఊరుకునేది. కానీ ఆమెకొక మేనత్త ఉంది. ఎల్‌ఫ్రీడా రాడ్కీ, తొంభై దాటిన మనిషి. ఫెర్డినాండ్‌కి సొంత మనవరాలు. చెవులు తగ్గాయి, మోకాళ్ళు పోయాయి, నోరు మాత్రం చెక్కు చెదరలేదు. బడిలో ఆమెను లేచిపోయినోడి మనవరాలని ఏడిపించేవాళ్ళు. అది పిల్లకాయల గొడవ, పోనీ అనుకోవచ్చు. పెద్దయ్యాక ఒక సంబంధం కుదిరింది. కుర్రాడికీ ఇష్టమే, ఆమెకీ ఇష్టమే. ఉంగరం కూడా కొన్నారు. అంతలో కుర్రాడి తల్లి వచ్చి, రాడ్కీల రక్తం ఇంటిపట్టున ఉండే రకం కాదు, మా కొంపకి వద్దు అనేసి వెళ్ళిపోయింది. ఎల్‌ఫ్రీడా మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. తనకి తగినవాడు ఊళ్ళో పుట్టలేదని చెప్పుకునేది. ఇంటిపట్టున ఉండని రక్తం ఆ ఒక్క ఇంట్లోనే బతుకంతా గడిపింది.

నాన్నమ్మ విల్‌హెల్మీన్ ఆమెకు బాగానే గుర్తు. నల్ల గౌను, గట్టి చేతులు, మాట తక్కువ. ఆదివారం ఆరాధన అవగానే ఆ ముసలమ్మ చర్చి గేటు దగ్గరికి వచ్చి నిలబడిపోయేది. మంచు పడుతున్నా సరే, భోజనానికి ఆలస్యమవుతున్నా సరే. ఎనిమిదేళ్ళ ఎల్‌ఫ్రీడా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన వణుకుతూ నిలబడేది. ఆ పోయినవాడు ఎప్పటికైనా ఈ రోడ్డునే వస్తాడని చూస్తోంది, పిచ్చిది, అని ఇంట్లో పెద్దవాళ్ళు గొణుక్కునేవాళ్ళు. ఆవిడ ఎదుట మాత్రం ఎవరూ ఆ పేరెత్తేవాళ్ళు కాదు.

ఒకరోజు ఎల్‌ఫ్రీడా మేనకోడలికి కాఫీ పోస్తూ తన మనసులో మాట చెప్పింది.

"సమాధుల తోటలో తరవాతి చోటు నాదేనే. అక్కడికి పోయాక నాన్నమ్మ ఎదురుపడుతుంది కదా. నిన్ను వదిలేసి పోయాడా, లేదా అని ఆవిణ్ణి అడగలేను. నువ్వే కనుక్కుని చెప్పి పంపు."

"చెడ్డ కబురైతే?"

"చెడ్డ కబురుతోనే ఇన్నేళ్ళు కాపురం చేశాను. కొత్తగా నాకేం అవుతుంది?"

ఆర్డిస్ అప్పటినుంచి పట్టుకుంది. పొమెరేనియాలో వాళ్ళ ఊరి చర్చి పుస్తకాలు యుద్ధంలో కాలిపోయాయి. ఆ ఊరికి ఇప్పుడు పేరే వేరు, దేశమే వేరు. ఓడల జాబితాల్లో ముగ్గురు ఫెర్డినాండ్ రాడ్కీలు దొరికారు. ఒకడు చంటి పిల్లాడు, ఇంకొకడు డెబ్బై ఏళ్ళవాడు, మూడోవాడు దారిలోనే సముద్రం పాలయ్యాడు. ఒక జనాభా లెక్కలో దొరికాడు గానీ, రాసినవాడు ఐరిష్ వాడో ఎవడో, పేరు ఫ్రెడ్ రాట్‌కే అని రాసి, మొగుడి వయసు పెళ్ళానికీ, పెళ్ళాం వయసు మొగుడికీ వేశాడు. ఆ తరవాతి లెక్క కాగితాలు రాజధానిలో అగ్గిపాలయ్యాయి. అటు తరవాతి లెక్కలో విల్‌హెల్మీన్ పేరు ఎదుట 'వితంతువు' అని ఉంది. ఆర్డిస్ ఎగిరి గంతేసి అత్త దగ్గరికి పరిగెత్తింది.

అత్త చల్లగా పెదవి విరిచింది. మొగుడు వదిలేసిన ప్రతి ఆడదీ అలాగే రాయిస్తుంది, మరి గుమ్మంలోకి వచ్చిన గుమాస్తాతో లేచిపోయాడని చెప్పుకుంటుందా, అంది. అదీ నిజమే.

సొంత చర్చిలో ఏమైనా ఉంటుందేమోనని చూడబోతే, అక్కడ దొరికింది మరీ అన్యాయం. సంఘపెద్దల పాత మినిట్స్‌లో ఫెర్డినాండ్ గురించి ఒక్కటే మాట ఉంది. ఒక పెళ్ళి డాన్సులో అకార్డియన్ వాయించినందుకు అతన్ని ప్రభువు బల్లకి, అంటే చర్చిలో అందరూ పంచుకునే రొట్టె ద్రాక్షరసానికి, దూరం పెట్టారట. సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకునేదాకా రానివ్వకూడదట. అడవి నుంచి వచ్చాక వసంతంలో చూద్దాంలే అన్నాడట అతను. ఆర్డిస్ ఈ సంగతి అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. వెలివేయించుకున్న ముత్తాత గురించి ఎవరు చాటుకుంటారు? అత్త మాత్రం విని, డాన్సు ఉన్నచోట ఆడది ఉంటుంది, ఇంకేం వెతుకుతావు, అంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. అకార్డియన్ మాట బయటపడ్డ ఏడాదికి, ఉత్తరాన ఒక చిన్న ఊరి లైబ్రరీలో, అడవి ప్రాంతపు జర్మన్ వారపత్రిక పాత సంచికలు తెర మీద తిప్పుతుంటే, ఆర్డిస్ చెయ్యి టక్కున ఆగింది. మూడంటే మూడు ముక్కలు. ఫ్రీడెన్‌టాల్ నుంచి వచ్చిన రాడ్కీ అనేవాడి మీద పైన్ చెట్టు పడి అక్కడికక్కడే పోయాడు. తోటివాళ్ళు చందా వేసుకుని శవాన్ని రైల్లో ఇంటికి పంపారు. 1889, ఫిబ్రవరి. అంతే ఉంది. ఎర్రజుట్టు లేదు, వంటమనిషి లేదు. ఆర్డిస్ ఆ లైబ్రరీలోనే గట్టిగా హమ్మయ్య అనేసి, పక్కవాళ్ళ చేత తిట్లు తింది.

"అయితే సమాధి ఏదీ?" అంది అత్త.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఫ్రీడెన్‌టాల్ అంటే శాంతిలోయ అని అర్థం. ఆ పేరు పెట్టినవాడికి హాస్యం ఎక్కువై ఉండాలి, ఎందుకంటే శాంతిలోయలో రోడ్డుకి తూర్పున ఒక లూథరన్ చర్చి, పడమరన ఇంకో లూథరన్ చర్చి ఉన్నాయి. ఒకే దేవుడు, ఒకే కీర్తనలు, గంటలు కూడా ఒకే వేళకి, ఒకళ్ళ మీద ఒకళ్ళు మోగిస్తారు. ఎందుకు విడిపోయారంటే ఇప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పలేరు. విడిపోయామన్న సంగతి మాత్రం ఎవరూ మరిచిపోలేదు. పాలు కలిసి పోస్తారు, పేక కలిసి ఆడతారు, మంచులో కారు దిగబడితే కలిసి తోస్తారు. ఒకరి చర్చి ఆవరణలో ఇంకొకరు అడుగు పెట్టరు. రాడ్కీలది తూర్పు చర్చి, ఓడ దిగిన నాటి నుంచీ.

తూర్పు చర్చి సమాధుల తోటలో మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన పడుకోరు. ఎవరు ఎప్పుడు పోతే, వరసలో తరవాతి చోటు వాళ్ళది. భూస్వామి అయినా, పాలేరు అయినా అంతే. కాబట్టి 1889 చలికాలంలో ఎవరు పోయారో తెలుసుకోవాలంటే వరస వెంట నడిస్తే చాలు. అత్తని చెయ్యి పట్టుకుని ఆర్డిస్ నడిపించింది. క్రిస్మస్‌కి పోయిన ఒక ముసలమ్మ ఉంది. ఆవిడ పక్కనే, ఈస్టర్‌కి పోయిన పసిగుడ్డు. ఇద్దరి మధ్యా ఒక పార పట్టే ఖాళీ కూడా లేదు.

"రైల్లో వచ్చినవాడు దారిలో దిగి పారిపోయాడా ఏంటి?" అంది అత్త. "కాదులే, తెలివైనవాడు. తను చచ్చినట్టు తనే పేపర్లో వేయించుకుని, ఆవిడతో హాయిగా పోయుంటాడు." నవ్వుతూనే అంది. కానీ మిగతా వరస చూడకుండానే కారు వైపు తిరిగింది. ఆర్డిస్‌కి ఆ రోజు తన మీద తనకే కోపం వచ్చింది. ముసలిదానికి లేనిపోని ఆశ పెట్టి, మళ్ళీ లాగేసుకున్నట్టయింది.

చలికాలమంతా బుర్ర బద్దలు కొట్టుకుంది. రైల్వే కాగితాలు, పక్క ఊళ్ళ సమాధులు, శవపేటికలు చేసే వడ్రంగుల లెక్కలు, ఏదీ వదల్లేదు. నూరు మైళ్ళ అవతల వెతికింది. రోడ్డుకి అవతల వెతకాలని మాత్రం తోచలేదు. అది ఆమె తెలివితక్కువతనం కాదు. తూర్పు చర్చిలో బాప్తిస్మం పొందిన ఎవరికీ తోచదు. రాడ్కీ ఒకడు ఎర్రజుట్టు దానితో లేచిపోయాడంటే నమ్ముతారు. పడమటి వాళ్ళ నేలలో పడుకున్నాడంటే ఎవరు నమ్ముతారు?

మే నెలలో ఒక శుక్రవారం. బార్‌లో పేక నడుస్తోంది. ఆర్డిస్‌కి ఎదురుగా నార్బర్ట్ వెండార్ఫ్ కూర్చున్నాడు. ఫ్యాక్టరీకి పాల లారీ తోలినవాడు, పడమటి చర్చివాడు. ఎప్పటినుంచో పేకలో ఆమెకు జోడీ. వెతుకులాట ఎంతవరకు వచ్చిందని ఎవరో అడిగారు. శవం రైలెక్కింది, ఆ తరవాత మాయమైంది, మా తోటలో లేదు, ఎక్కడా లేదు, అని విసుక్కుంది ఆర్డిస్.

నార్బర్ట్ ముక్కలు సర్దుకుంటూ అన్నాడు. "మా వైపు చూశావా?"

"మీ వైపా? మీ వైపు మావాడికేం పని?"

"ఏం, మీవాళ్ళ ఎముకలకి మా మట్టి పడదా?"

బల్ల చుట్టూ నవ్వారు. ఆర్డిస్ మూతి ముడుచుకుంది. నార్బర్ట్ ఇంకో ముక్క తీసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. "మా తోటలో పేరు తెలియని వాడంటే ఒక్కడే. అకార్డియన్ ఆయన."

ఆర్డిస్ చేతిలో అప్పుడు మంచి ముక్కలున్నాయి. ఆట ఆమెదే. ఆ ముక్కల్ని బోర్లా బల్ల మీద పెట్టేసింది. ఆమె అలా చేయడం ఆ బార్‌లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"ఏ ఆయన?"

నార్బర్ట్ చెప్పాడు. వాళ్ళ ముత్తవ్వ పెళ్ళిలో డాన్సు జరిగింది. వాయించడానికి వచ్చినవాడు తూర్పు చర్చివాడు. ఆ పాపానికి అతన్ని వాళ్ళ సంఘం దూరం పెట్టింది. ఆ చలికాలమే అడవిలో చెట్టు కింద పడి పోయాడు. శవం వస్తే, ప్రభువు బల్లకి దూరమైనవాడికి మా నేలలో చోటు లేదని తూర్పు పాస్టరు తలుపు వేసుకున్నాడు. మా పెళ్ళికి వాయించి చెడ్డవాడయ్యాడు, మేమే పెట్టుకుంటాం అని ముత్తాత వాళ్ళు ముందుకొచ్చారు. నేల గడ్డకట్టి పార దిగకపోతే, రెండు రోజులు మంటలు వేసి తవ్వారు. ముత్తవ్వ బతికున్నన్నాళ్ళూ ఏటా ఆ సమాధి మీద పూలు పెట్టింది. పోయేటప్పుడు, మనవాళ్ళకి పెట్టినప్పుడు ఆయనకీ ఒకటి పెట్టండర్రా అని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు ఆ పని నార్బర్ట్‌ది. శిలువ మీద పలక తుప్పు పట్టింది. పేరేమిటో అడగాలని ఎవరికీ తోచలేదు.

"ఇన్నేళ్ళు నా ఎదురుగా కూర్చుని పేకాడావు. ఒక్కసారి చెప్పొచ్చు కదయ్యా."

"నువ్వు వెతికేది లేచిపోయినోణ్ణి కదా, ఆర్డిస్. మావాడు ఎక్కడికీ పోలేదు."

మర్నాడు పొద్దున్నే జెరేనియం పూల కుండీలు లారీలో వేసుకుని నార్బర్ట్ వచ్చాడు. పడమటి చర్చి గేటు ఆర్డిస్ మొదటిసారి దాటింది. నేల కుంగిపోతుందేమో అన్నట్టు నడిచింది. గోడ పక్కన, రోడ్డుకి బాగా దగ్గరగా, ఒక ఇనుప శిలువ ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, జేబురుమాలుతో, గోళ్ళతో తుప్పు గీకింది. ఫెర్డి అన్న అక్షరాలు తేలాయి. తరవాత ఏమీ లేదు. కింద పొమెరేనియాలో మిగిలిన పొమ్ అనీ, ఇంకా కింద 1889 అనీ కనపడ్డాయి. చుట్టూ గడ్డి నున్నగా కోసి ఉంది. ఆర్డిస్ గడ్డిలో చతికిలబడి, సిగ్గుపడకుండా ఏడ్చింది. నార్బర్ట్ అటు తిరిగి, అవసరం లేకపోయినా ఒక కుండీలో మట్టి సర్దాడు.

విల్‌హెల్మీన్ ఎందుకు నోరు విప్పలేదో ఆమెకు అక్కడే అర్థమైంది. నలుగురు పిల్లలు, కడుపులో ఒకటి. వాళ్ళకి బాప్తిస్మాలు, చదువులు, పెళ్ళిళ్ళు, అన్నీ తూర్పు చర్చిలోనే జరగాలి. అక్కడి వాళ్ళకి తమవాడు అవతల నేలలో ఉన్నాడని తలుచుకోవడమే నామోషీ. పెద్దవాళ్ళు మింగేశారు. పిల్లలకి ఎవరూ చెప్పలేదు. చెప్పనిచోట వాళ్ళకి తోచింది వాళ్ళు నింపుకున్నారు. ఇంకో ఊరివాళ్ళకి ఇది పిచ్చిగా కనిపిస్తుంది. ఫ్రీడెన్‌టాల్‌లో పుట్టినవాళ్ళకి కనిపించదు.

కబురు అత్తకి చెప్పింది. "వాళ్ళ నేలలోనా?" అంది అత్త. మళ్ళీ తనే, "దీనికన్నా లేచిపోయినా బావుండేది," అంది. ఆ మాట నిజంగా అన్నదో, అలవాటుకొద్దీ అన్నదో ఆర్డిస్‌కి తెలియలేదు. ఆ రోజంతా ఫోను చేస్తే తియ్యలేదు.

ఆదివారం మాత్రం ఎప్పటిలాగే చర్చికి వచ్చింది. నల్ల కోటు వేసుకుంది, టోపీ పెట్టుకుంది. ఆరాధన అయింది. జనం మెట్ల మీద నిలబడి పంటల గురించీ, మోకాళ్ళ గురించీ మాట్లాడుకుంటున్నారు. ఎల్‌ఫ్రీడా నాలుగు కాళ్ళ కర్రని టకటకలాడిస్తూ గేటు దాకా వచ్చి, అక్కడ ఆగింది. ఆర్డిస్ కారు తేబోయింది. అత్త కదల్లేదు.

గేటు స్తంభం పక్కన నిలబడి ఆమె రోడ్డుకి ఎగువనా చూడలేదు, దిగువనా చూడలేదు. తిన్నగా ఎదురుగా చూసింది. రోడ్డు అవతల, పొట్టి రాతి గోడ మీదుగా, ఇనుప శిలువ పైభాగమూ, దాని పక్కన ఎర్రటి జెరేనియమూ కనిపిస్తున్నాయి. అక్కడినుంచి తప్ప తూర్పు ఆవరణలో ఇంకెక్కడ నిలబడినా అవి కనపడవు. మేపుల్ చెట్లు అడ్డం వస్తాయి.

"ఇక్కడే నిలబడేదే," అంది ఎల్‌ఫ్రీడా. "ప్రతి ఆదివారం. నాకు చలేసి, ఆ దొంగ ఇంక రాడు, పద నాన్నమ్మా అని చెయ్యి గుంజేదాన్ని. ఏమీ అనేది కాదు. నా చెయ్యి నొక్కి పట్టుకునేది, ఇంకాస్త ఆగమన్నట్టు."

ఆర్డిస్ కారు తాళాలు మళ్ళీ జేబులో వేసుకుంది.

"ఎదురు చూడలేదే ఆవిడ. చూసి పోవడానికి వచ్చేది."

అలా అని, ముసలిది కర్రని గేటు బయట పెట్టింది. తూర్పు చర్చి మొత్తం చూస్తుండగా ఎల్‌ఫ్రీడా రాడ్కీ రోడ్డు మీదికి దిగింది. అవతల గేటులో నార్బర్ట్, ఆదివారం కోటు వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అప్పుడే దిగువ నుంచి ఒక కారు వస్తోంది. ఆర్డిస్ గబుక్కున అత్త మోచెయ్యి పట్టుకుంది.

"అత్తా, కారొస్తోంది, కాస్త ఆగు."

"నూట ముప్పై అయిదేళ్ళు ఆగామే. ఇక దాన్ని ఆగమను."

కారు ఆగింది.